గులాబీ కుండీలో మూతి

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

నీ ట్రైనింగు అయ్యేదాకా మా దగ్గర వదిలిన కుక్క బొద్దుగాడికి నిద్రే లేదమ్మా. ఇల్లంతా గిరగిరా తిరుగుతున్నాడు, ఒళ్ళు వణుకుతోంది. గడియారాలు బాగుచేసేవాణ్ణి కదా, ఉండబట్టలేక వాడి ఛాతీకి చెవి ఆనించాను. నా దుకాణంలో ఏ గడియారమూ అంత తొందరగా కొట్టుకోదు! కుక్క గుండె ఇంతేనా? తెలుసుకోవాలని ఉంది.

మీ మామయ్య

తా.క.: ఈమధ్య మీ అత్తయ్య కాఫీ మరీ పల్చబడింది. దానికీ కారణం తెలియడం లేదు.

*

మామయ్యకు నమస్కారాలు.

నిజం చెప్పండి, వాడికి కాఫీ పోస్తున్నారా? మీ గారాబం నాకు తెలుసు. కాఫీలో ఉండే కెఫీన్ కుక్కలకు విషం. గుండెదడ, వణుకు, వాంతులు, ఫిట్స్... ప్రాణమే పోవచ్చు. వాడికేమైనా అయితే నేను తట్టుకోలేను.

మీ చిట్టి

తా.క.: టీ, చాక్లెట్ కూడా వద్దు. "కొంచెమేగా" అని అసలే వద్దు.

*

చిట్టీ, ఆశీస్సులు, కోపంతోనే.

నేను చుక్క పోస్తే ఒట్టు! పైగా చూసి ఆశపడతాడని నేనూ మానేశాను. చెబితే మీ అత్తయ్య నొచ్చుకుంటుందని, ఆవిడ అటు తిరగ్గానే కప్పు తీసుకెళ్ళి పెరట్లో గులాబీ కుండీలో ఒంపేస్తున్నాను. అయినా వాడి వణుకు ఎక్కువైంది. ఎందుకంటావు?

తలనొప్పితో, మామయ్య

తా.క.: వాడికి తోటపని మీద మోజు పుట్టింది. ఎప్పుడు చూసినా ఆ కుండీలోనే మూతి.

*

మామయ్యా!

ఆ కుండీయే! వాడు ఆ మట్టి తింటున్నాడు. ఈ ఉత్తరం మీ వైపు వచ్చే బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. అందగానే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

చిట్టి

తా.క.: ఆయనకు చూపించడానికి కాస్త మట్టి పట్టుకెళ్ళండి.

*

చిట్టితల్లికి,

బొద్దుగాడు బతికాడు! ముందు ఆ మాట చెప్పనీ. డాక్టరు కక్కించి, ఒక రోజు తన దగ్గరే ఉంచుకుని పంపాడు.

నువ్వు కాస్త మట్టి అన్నావు, నేను కంగారులో కుండీయే ఎత్తుకెళ్ళాను. ఆయన మట్టి కెలికి, "మీరు ఒంపిన కాఫీ సరే, మరి ఇంత పొడి ఎక్కడిదండీ?" అన్నాడు. గడియారాల భూతద్దం పెట్టి చూశాను. నిజమే, డికాక్షన్ తీయని కాఫీపొడి! పక్కన మీ అత్తయ్య నేలచూపులు చూస్తోంది.

నా బీపీకి భయపడి, నువ్వు కుక్కను వదిలి వెళ్ళిన దగ్గర్నుంచీ సగం పొడితోనే కాఫీ కలుపుతోందట. డబ్బా ఎప్పటిలా ఖాళీ కాకపోతే నేను కనిపెట్టేస్తానని, మిగతా సగం కుండీలో పోస్తోందట! "మీకేమన్నా అయితే నేనేం కావాలి?" అని అక్కడే ఏడ్చేసింది. వాడి ప్రాణం మీదికి తెచ్చింది మా ఇద్దరి ప్రేమే.

ఇప్పుడు వాడు నా బల్లకింద గురక పెడుతున్నాడు. గుండె నింపాదిగా కొట్టుకుంటోంది, నాలుగుసార్లు విన్నాను.

మీ మామయ్య

తా.క.: కుండీని మేడమీదికి ఎక్కించాం. ఎన్నడూ పూయని గులాబీ గుత్తులుగా మొగ్గలేసింది. మెట్ల దగ్గర నిలబడి దానివైపు ఆశగా చూసేది ఇప్పుడు బొద్దుగాడొక్కడే కాదు, కాఫీ మానేసిన నేనూను.