మారుదాం అన్న మాట

లింబాయత్, సూరత్
ఆదివారం

సౌభాగ్యవతి భాగ్యలక్ష్మికి, నీ పెనిమిటి బుచ్చిరాములు ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ మన బిడ్డ నవతా క్షేమం. అక్కడ నువ్వూ అత్తమ్మా క్షేమంగా ఉన్నారని ఊరి నుంచి వచ్చిన మొండయ్య చెప్పాడు. నీ చేతిరాత చూశాకే నాకు నమ్మకం కుదిరింది.

మొండయ్య బస్సు దిగి నేరుగా మన గదికే వచ్చాడు. చింతతొక్కు సీసా మూత ఊడి నీ ఉత్తరం మూడో పేజీ అంతా నూనె పట్టింది. దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చదివాను. ఫోన్లుండగా ఈ ఉత్తరాల పిచ్చి ఏంది మీ మొగుడు పెండ్లాలకు అని మొండయ్య నవ్వాడు. ఫోన్లో మాట్లాడమంటే నీకు నాలుక తిరగదనీ, కలం పడితే ఆగవనీ అతనికేం తెలుసు? ఈసారి నాకూ రాయడమే మేలనిపించింది. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. గ్యాస్ బండ దొరికింది. నవత పొద్దున తినే వెళుతున్నది, కానీ నేను వండిన పప్పును చూసి ముఖం ముడుస్తున్నది. పై గది ఒడియావాళ్ళు ఖాళీ చేసి బార్డోలీ వెళ్ళిపోయారు, అక్కడ చెరకు ఫ్యాక్టరీలో పని దొరికిందట. మన మగ్గాల షెడ్డులో లూమ్‌లు వారానికి నాలుగు రోజులే తిరుగుతున్నాయి. అత్తమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని రాశావు, సంతోషం. నెల రోజుల దాకా కంట నీళ్ళు పెట్టకూడదని డాక్టర్ గట్టిగా చెప్పాడని కూడా రాశావు. అందుకే చెబుతున్నా, ఈ ఉత్తరం ఆమె ముందు చదవకు. ఇక్కడికే ఆపి, పెరట్లోకి పోయి మిగతాది చదువు.

మీ తమ్ముడు పరమేశ్వర్ ఫోన్ ఎందుకు కలవడం లేదని ఒకే ఉత్తరంలో నాలుగుసార్లు అడిగావు. దానికీ జవాబు రాస్తాను, జర ఓపిక పట్టు.

ఇక్కడ కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. వచ్చే ఆదివారం పోలింగ్. షేర్ ఆటోలకు కూడా జెండాలు కట్టారు. గొడుగు గుర్తు వాళ్ళు మన గల్లీలో ఎప్పటిలాగే ముందుగా జెండాలు కట్టి పోయారు, అడిగేదేముంది, మనం వాళ్ళవాళ్ళమే కదా అన్నట్టు. వాళ్ళది తప్పు కాదు. మనం వచ్చిన కొత్తలో ఖాడీ కాలువ పొంగి ఇంట్లోకి నడుముల దాకా నీళ్ళు వచ్చినప్పుడు ఆ పార్టీ ఓంప్రకాష్ భాయ్ లారీ ట్యూబుల మీద తేలుకుంటూ రొట్టెలు తెచ్చి ఇవ్వడం నువ్వు మరచిపోలేదు కదా. ఓటరు లిస్టులో మన పేర్లెక్కించింది కూడా ఆయనే. అప్పటి నుంచి పదిహేనేళ్ళు ఈ గల్లీ నూట నలభై ఓట్లూ గొడుగుకే పడ్డాయి. ఇంటింటికీ చీటీలు పంచింది నేనే. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఆయన నా భుజం తట్టి "బుచ్చిభాయ్, తెలుగు గల్లీ పక్కా?" అనడం, నేను "పక్కా భాయ్" అనడం. మా షెడ్డు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి పక్కా కాక ఇంకేమంటాను.

ఈమధ్య ఒక సంగతి గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. మనం ఈ గదిలో దిగిన మొదటి వారం ఇంటావిడ కొడుకును పిలిచి మాడిపోయిన బల్బు చూపిస్తూ "మార్చు, మార్చు" అన్నావు. ఆ పిల్లవాడు బిత్తరపోయి వాళ్ళమ్మ దగ్గరికి ఉరికాడు. ఆమె కర్ర పట్టుకొని వచ్చి "కిస్‌కో మారూఁ? మేరే బేటే కో?" అని మన గుమ్మంలో నిలబడింది. వాళ్ళ హిందీలో మార్ అంటే కొట్టు కదా, ఎవరిని కొట్టాలి, నా కొడుకునా అని అడిగింది. నెల రోజులు గల్లీ అంతా నిన్ను "మార్చక్కా" అని పిలిచింది. నువ్వు అలిగి రెండు పూటలు అన్నం వండలేదు. అప్పుడు నవ్విన ఆ మాటే ఇప్పుడు మన ఇంటి మీదికి వచ్చిందంటే నమ్ముతావా.

పోయిన నెల చివర్లో మన గల్లీలో పదకొండు గదులకు ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. రోడ్డు వెడల్పు చేస్తారట. ఆ ఆదివారం మార్కండేయ గుడి హాల్లో అందరం కూర్చున్నాం. నేను వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళి, వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాను. పరమేశ్వర్ లేచాడు. నీ తమ్ముడు పెళ్ళిలో కూడా అంత గట్టిగా మాట్లాడలేదు.

"పదిహేనేండ్ల సంది కండ్లు మూసుకొని గొడుగుకే గుద్దుతున్నం. వానొస్తె ఆ గొడుగు మనకెవలన్న పట్టిండ్రా? ఏటా ఖాడీ నీళ్ళు ఇండ్లల్ల సొచ్చుడే. నోటీసు మీద సంతకం ఎవలిది? మనం గెలిపించినాయనదే. ఇగ మారాలె. ఒక్కలిద్దరు గాదు, అందరం మారాలె. ఈసారి తాళంచెవికి గుద్దుదాం. మారుదాం."

హాల్లో ఆడవాళ్ళతో సహా అందరూ "మారుదాం, మారుదాం" అన్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. మన గల్లీ గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

నాలుగు రోజులకు చౌరస్తా దగ్గర గొడుగు పార్టీ ఆఫీసు అద్దాలు ఎవరో పగలగొట్టారు. అడ్డం పోయిన వాచ్‌మన్ తల పగిలింది. చేసిందెవరో ఈ రోజు వరకూ తేలలేదు. కానీ సాయంత్రానికల్లా ఆ వీడియో లింబాయత్ అంతా తిరుగుతున్నది. తెలుగు రానివాళ్ళకు అందులో ఒక్క ముక్కే వినిపించింది. మార్, మార్, మార్.

భాగ్యా, నీ తమ్ముడు ఇచ్ఛాపూర్‌లో కొత్త కంపెనీలో చేరాడనీ, అక్కడ ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరనీ నేను నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం. అత్తమ్మ కళ్ళ కోసం అబద్ధమాడానని నాకు నేను చెప్పుకున్నాను. పరమేశ్వర్‌ను షెడ్డులో నుంచే పోలీసులు పట్టుకుపోయారు. పదకొండు రోజులైంది. అతని లూమ్‌ను ఆపడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. దారం తెగి దానంతట అదే ఆగింది. కొట్టమని జనాన్ని ఉసిగొల్పాడని కేసు పెట్టారు.

ఇంతవరకే అయితే నేను నీకు ఎప్పుడో చెప్పేవాణ్ణి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

పట్టుకుపోయిన మర్నాడు ఓంప్రకాష్ భాయ్ నన్ను స్కూటర్ మీద ఎక్కించుకొని స్టేషన్‌కు తీసుకుపోయాడు. వీడియోలో మాట ఏమిటో చెప్పడానికి హిందీ వచ్చిన తెలుగు మనిషి ఒకరు కావాలన్నారట. దారిలో మామూలుగా మాట్లాడుతూ, నవత ఏ కాలేజీలో చదువుతున్నది, పొద్దున ఎన్నింటికి బయలుదేరుతుంది, ఆటోలోనా బస్సులోనా అని అడిగాడు. పదిహేనేళ్ళలో ఆయన ఎప్పుడూ అడగని మాటలు అవి.

స్టేషన్‌లో సారు వీడియో పెట్టాడు. "మారో మారో బోల్ రహా హై నా?" అని, కొట్టమంటున్నాడు కదా అని అడిగాడు. ఓంప్రకాష్ భాయ్ చెయ్యి నా భుజం మీదే ఉంది. ఒక్క మాట చెబితే చాలు, కాదు సాబ్, అది బదలేంగే, వేరే పార్టీకి మారతాం అని. కానీ అది చెబితే ఆ హాల్లో ఉన్నవాళ్ళంతా గొడుగును విడిచిపెట్టారని తెలిసిపోతుంది. పక్కా అన్న నేను ఏమవుతాను? ఇంకొకటుంది. వీడియో చివర వెనక నుంచి ఒక బొంగురు గొంతు "మారుదాం తియ్యి" అంటుంది. ఆ గొంతు నాది. ఆ రోజు పరమేశ్వర్ మాట్లాడుతుంటే నాకూ నిజమే అనిపించింది, నోట్లోంచి వచ్చేసింది. వీడియో ఆ చివరికి రాకముందే ముగించాలని నా ఆత్రం.

"హా సాబ్, వైసాహీ హై" అన్నాను.

అవును, అలాంటిదే అన్నాను భాగ్యా. నీ తమ్ముడు కొట్టమన్నాడని నేనే చెప్పాను. పక్క గదిలో కిటికీ అవతల పరమేశ్వర్ కూర్చొని ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. నా వైపు చూసి మాత్రం తల ఊపాడు, బావ వచ్చాడు, ఇక భయం లేదు అన్నట్టు.

ఆ రోజు నుంచి అన్నం లోపలికి పోవడం లేదు. నీ మరదలు సుభాషిణికి ఏమీ తెలియదు. రోజూ పొద్దున వచ్చి నన్ను వెంటబెట్టుకొని వకీలు దగ్గరికి పోతున్నది. "మొగుడు లోపట ఉన్నా తండ్రి లెక్క మీరున్నరు అన్నా, నాకు ధైర్యమే" అంటుంది. ఆమె ముఖం చూడలేక నేను నేల చూస్తున్నాను. షెడ్డులో నా పక్కన ఎవరూ టీ తాగడం లేదు. గల్లీవాళ్ళకు తెలిసే ఉంటుందని భయం. టీకొట్టు దగ్గర ఇద్దరు కొత్తవాళ్ళు పొద్దంతా నిలబడి మన గుమ్మం వైపు చూస్తున్నారు. వాళ్ళు నన్ను కాపాడటానికి ఉన్నారో కనిపెట్టడానికి ఉన్నారో తెలియదు. ఇంటి తలుపు శబ్దమైతే లైటు ఆపేస్తున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇంత భయపడలేదు నేను.

మొన్న నవత ఆ వీడియో పెట్టుకొని నా ముందు కూర్చుంది.

"బాపు, మామ మారుదాం అన్నడు, అంటే బదల్‌నా. వీళ్ళు మార్‌నా అనుకుంటున్రు. గుజరాతీల మారు అంటే నాది. హిందీల కొట్టుడు. మన దాంట్ల వేరే. గింత సమజ్ అయితలేదా పోలీసులకు? ఎవలో రాంగ్ చెప్పిన్రు బాపు. నేను పోయి చెప్తా."

"నువ్వు నోరు మూసుకొని కాలేజీకి పో" అన్నాను. అది నన్ను చాలాసేపు చూసింది. వీడియో చివర గొంతు ఎవరిదో దానికి తెలుసు, నా బిడ్డ కాదా. నా కంచంలో అన్నం పెట్టి లేచిపోయింది.

పైన క్షేమం అని రాశాను చూడు, అది చెయ్యి అలవాటు.

రేపు పదింటికి నన్ను మళ్ళీ స్టేషన్‌కు రమ్మన్నారు. అప్పుడు నోటితో చెప్పింది ఈసారి కాగితం మీద రాసి సంతకం పెట్టాలట. కోర్టుకు అదే పోతుందని స్టేషన్ సారు అన్నాడు. సంతకం పెడితే నా లూమ్ నాకుంటుంది, గది ఉంటుంది, నోటీసు సంగతి చూస్తానని ఓంప్రకాష్ భాయ్ అన్నాడు. పెట్టకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

మొండయ్య తిరుగు బస్సు రేపు తొమ్మిదింటికి. నవత కూడా అదే బస్సులో వస్తున్నది. ఈ ఉత్తరం దాని చేతికే ఇస్తాను. పరీక్షలున్నాయని, నన్ను ఒక్కణ్ణి విడిచి రానని రాత్రంతా ఏడ్చింది. పరీక్షలు మళ్ళీ రాసుకోవచ్చు. దాన్ని మన ఊళ్ళోనే ఉంచుకో, నేను చెప్పేదాకా పంపకు. అది బస్సెక్కాకే నాకు నోరు పెగులుతుంది. ఉత్తరం నీ చేతికి వస్తున్నదని తెలిస్తే వెనక్కి తిరగడానికి నాకు దారి ఉండదు. అందుకే స్టేషన్ కంటే ముందు నీకు చెప్పుకున్నాను.

చెప్పవలసిన మాటను లూమ్ చప్పుడులో నాలుగు రోజులుగా గట్టిగా అనుకుంటున్నాను, ఎవరికీ వినపడదు కాబట్టి. "సాబ్, మారుదాం కా మత్‌లబ్ బదలేంగే. మైనే గలత్ బతాయా. ఆఖ్రీ మే జో ఆవాజ్ హై, వో మేరీ హై." తప్పు చెప్పింది నేనే, ఆ చివరి గొంతూ నాదే అని. అక్కడికి వెళ్ళాక గొంతు పెగలకపోతే ఏం చేయాలో తెలియక ఒక కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకున్నాను. సుభాషిణికి దారిలో చెబుతాను. ఆమె చెప్పు తీసి కొట్టినా పడతాను.

ఈ ఉత్తరం నీకు అందిన రోజు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. చేయకపోతే నువ్వు నాకు చేయకు. వకీలుకు చెయ్యి, నంబరు నవత దగ్గర ఉంది. అత్తమ్మకు కన్ను మానాక నెమ్మదిగా చెప్పు. పరమేశ్వర్ బయటికి వచ్చి నన్ను బావా అని పిలవకపోయినా అతని మీద కోపం పెట్టుకోకు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నీకు ఒక్క మాట మాత్రం మన ఇంట్లో మాట్లాడినట్టే రాస్తున్నా. నేను మారిన. ఏ భాషలో చదువుకున్నా అది నిజమే.

ఇట్లు,
నవత బాపు,
నీ తమ్మునికి ఒక్కగానొక్క బావ,
బుచ్చిరాములు