మంచి మిషన్ ఎందుకు అమ్ముతున్నాడో అడుగు

కరీంనగర్,
ఆదివారం.

లక్ష్మీరాజం,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అత్తమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే నొస్తున్నాయి, నోరు ఎప్పటిలాగే నడుస్తోంది. మన బిడ్డ స్నిగ్ధకు ఆదిలాబాద్‌లో నర్సింగ్ మొదటి ఏడు పరీక్షలు మొదలయ్యాయి. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తున్నానని ఇప్పుడు రాయాలి. ఆ వాక్యం ఈసారి చేతికి రావడం లేదు. ఎందుకో చదువుతూ పో.

ఈ ఉత్తరం పరశురాములు చేతికి ఇస్తున్నాను. వాడి సెలవు అయిపోయింది, గురువారం షార్జాకు, మీ క్యాంపుకే వస్తున్నాడు. "ఫోన్లుండంగ గీ ఉత్తరాలేంది వదినా" అని నవ్వాడు. ఫోన్‌లో నువ్వు ఎనిమిది మంది పడుకునే గదిలోంచి మాట్లాడతావు. నేనేమో మాట్లాడితే ఉపన్యాసం ఇస్తానని పేరు. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాకుండా చివరిదాకా వింటావు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో నేను కనిపెట్టిన ఉపాయం ఇదొక్కటే.

మీ అవ్వను కొండగట్టుకు తీసుకుపోయావా అని అడిగావు. తీసుకుపోయాను. గుడి మెట్లెక్కనని ఏటా ఆమెతో గొడవపడే నేను ఈసారి నోరెత్తకుండా బస్సెక్కాను. "ఏమైందే నీకు, పానం బాగుందా?" అని ఆమే భయపడింది. నవ్వకు. నాకు నమ్మకం రాలేదు. గొడవపడే ఓపిక పోయింది, అంతే.

ఇక కంప్రెషర్ సంగతి. నువ్వు ఎగ్జిట్ పెట్టి, అక్కడి కొలువు వదిలి వచ్చేసి బైపాస్ దగ్గర షెడ్డు తీసుకుంటానన్నావు. తుప్పు పట్టిన ట్రాలీలు, గేట్లు, రైస్ మిల్లు సామాన్లు తెచ్చి, గాలితో ఇసుక కొట్టి, తుప్పు రాల్చి రంగేసే పని పెడతానన్నావు. కొత్త మిషన్ మనవల్ల కాదు, పాతది వెతుకు అన్నావు. మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఇసుక గొట్టం కొసకు బిగించేదని నువ్వు పంపిన నాజిల్ నా సంచిలో సంఘం కరపత్రాల మధ్య తిరుగుతోంది.

పాత మిషన్ల బజారులో ఆడమనిషి నిలబడితే ఆమె వెనక మగవాడు ఎక్కడున్నాడా అని చూస్తారు. హనుమండ్లు అని ఒక పాత సామాన్ల వ్యాపారి. నన్ను కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, మిషన్ మాత్రం చూపించడు.

"సారు రాలేదా మేడం?"

"సారు షార్జాల ఉన్నడు. కొనేది నేను."

"అయితే సారుకు జర ఫోన్ కలపరాదు. రెండు ముచ్చట్లు మాట్లాడ్త."

"సారు ఇసుక కొడుతుండు. ఫోన్ ఎత్తడు. నువ్వు మిషన్ చాలూ జెయ్యి."

టైర్ల దుకాణంలో నడిచిన మిషన్ అది. "ట్యాంకి సూడుండ్రి మేడం, ఏనుగు లెక్కుంది" అన్నాడు. నిజంగానే అంత ఉంది. నీ దగ్గర దాచడమెందుకు, నేను పడిపోయాను. నీళ్ళ ట్యాంకు పెద్దదైతే నీళ్ళకు కొదవుండదన్న తెలివినే గాలికి కూడా వాడాను. బయానా ఇవ్వడానికి పర్సు కూడా తీశాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. ట్యాంకు చూడకు, నాజిల్ కట్టి వదులు, గాలి మీటరు ముల్లు చూడు అన్నావు కదా. కట్టించి వదిలాను. నిమిషం తిరక్కముందే ముల్లు ఎనిమిది మీదనుంచి రెండుకు జారింది.

"అరె మేడం, ట్యాంకి మొత్తం ఖాళీ జేస్తుండ్రు!"

"ఖాళీ చేసెటందుకే కదనే కొనేది."

ట్యాంకేమో ఏనుగంత, దానికి గాలి పుట్టించే మోటారేమో ఎలుకంత. మన దగ్గర పథకాలన్నీ ఇట్లాగే ఉంటాయి. ట్యాంకు మీద పెద్ద బొమ్మ వేస్తారు, లోపల ఏముందని అడిగితే వింతగా చూస్తారు. సరే, ఉపన్యాసం ఆపుతున్నాను.

స్నిగ్ధను చూడబోయిన రోజు బోథ్ దాకా పోయి ఒక జిన్నింగ్ మిల్లులో అమ్మకానికి పెట్టిన మిషన్ కూడా చూశాను. చేయి వేస్తే వేలికి రంగంటింది. పగిలిన చోటుకు పొద్దున్నే రంగేసి కూర్చోబెట్టారు.

చివరికి హుస్నాబాద్ దగ్గర దొరికింది. ట్రాక్టర్ వెనక బిగించే కంప్రెషర్. మన వైపు బావులు తవ్వేటప్పుడు బండకు రంధ్రాలు కొడుతుందే, ఆ రకం. అమ్మేది అంతయ్య. ఇరవై ఏళ్ళు ఆ మిషన్‌తో ఊరూరా బావుల్లోకి దిగినవాడు. నీ వయసే ఉంటుంది, చూడ్డానికి మీ బాపు వయసులా ఉన్నాడు.

ఈయన "సారు ఏడీ" అని అడగలేదు. "ఏం పనికమ్మా?" అని అడిగాడు. చెప్పాను. ట్రాక్టర్ స్టార్ట్ చేయడానికి ఎక్కబోయి మొదటి మెట్టు మీదే ఆగి, ఇంజన్ మీద చెయ్యి ఆనించి, కాసేపు అట్లాగే నిలబడ్డాడు. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. తర్వాత మిషన్ మొదలైంది. లక్ష్మీరాజం, నాజిల్ పూర్తిగా తెరిచి గడియారం పట్టుకుని పది నిమిషాలు నిలబడ్డాను. ముల్లు ఆరు మీద నిలిచింది. నూనె కారలేదు, చప్పుడు మారలేదు. ధర నువ్వు చెప్పిన హద్దులోనే ఉంది. నీకు కావాల్సిన మిషన్ అదే.

నాజిల్ విప్పి నా చేతికిస్తూ ఆగాడు. "ఇది ఎన్నో నంబరమ్మా?"

"ఆరు మిల్లీమీటర్లని రాసిండు."

పెట్టెలోంచి డ్రిల్లు బిట్లు తీశాడు. ఆరో నంబరు బిట్టు నాజిల్ రంధ్రంలో పెడితే డబ్బాలో పుల్లలా ఊగింది. ఎనిమిదో నంబరు పెట్టాడు. సరిగ్గా కూర్చుంది.

"ఎన్నేండ్లు నడిచింది?"

"ఏండ్లు కాదు. ఒక్క సీజనే అన్నడు."

"గింత గట్టి లోహాన్ని ఒక్క సీజన్‌ల గిట్ల తిన్నదంటే" అని నాజిల్‌ను వెలుతురుకు పెట్టి చూశాడు, "దాని ఎనుక నిలవడ్డోని సంగతేందమ్మా?"

నేను మాట మార్చాను. మంచి మిషన్ ఎందుకు అమ్ముతున్నాడో అడుగు, జవాబులో తడబడితే లేచి వచ్చెయ్యి అని నువ్వే రాశావు. అదే అడిగాను.

ఆయన తడబడలేదు. "మిషన్ పాడు గాలేదమ్మా. నేనే పాడైన."

గోడకు క్యాలెండర్ పక్కన మేకుకు ఒక కవరు వేలాడుతోంది. అందులోంచి ఎక్సరే తీసి చూపించాడు. నేను అలవాటు కొద్దీ నోట్‌బుక్కు తీసి పేరు రాసుకోబోయాను. ఆయన నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"రెండేండ్ల కింద హుస్నాబాద్ బస్టాండు కాడ మైకుల మాట్లాడింది మీరే గదా? బండ దుమ్ముల పనిజేసెటోళ్ళు ఎక్సరే తీయించుకోవాలె, ఇంట్ల ఆడోళ్ళు ఎంట వడి తీయించాలె అన్నరు. నేనాడ మిర్చి తింటున్న. గా మాట చెవుల వడ్డది. మా ఇంటామె గుడ ఇన్నది. ఇగ రోజూ నా పానం దిన్నది. తీయించుకున్న. అప్పటిసంది బాయిల దిగుడు బంద్ వెట్టిన. మీరు చెప్పకుంటే ఈపాటికి నా ఫోటోకు దండ వడుతుండె."

చేతులు జోడించాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను. కన్నీళ్ళు వచ్చాయని రాస్తే నువ్వు నమ్ముతావు, కానీ రాలేదు. సిగ్గు వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. నిరుడు ఎండాకాలం నువ్వు నలభై రోజుల సెలవు మీద వచ్చావు. తిరిగి పోయే ముందురోజు నీ సూట్‌కేసు సర్దింది నేను. మామిడి తొక్కు డబ్బా పెట్టడానికి లోపలి జిప్పు తీస్తే నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. మీ కంపెనీ దవాఖాన కాగితం. మిగిలిన ఇంగ్లీషును కూడబలుక్కుని చదవాల్సి వచ్చినా ఒక్క పదానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. సిలికోసిస్. బండ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే ఆ జబ్బు పేరు గ్రానైట్ కూలీల కోసం నేను వేసిన కరపత్రంలో ఐదు చోట్ల ఉంది. దుమ్ము పనిలోంచి ఇతన్ని తప్పించాలని కింద రాసి ఉంది. వాళ్ళు తప్పించలేదు. నువ్వు అడగలేదు. ఇంట్లో చెప్పలేదు.

నేనేం చేశానో తెలుసా? కూరగాయలకని సంచి పట్టుకుని పోయి కలెక్టరేట్ ఎదుట ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించాను. ఇంటికొచ్చి, అవే నాలుగు మడతలు పెట్టి, అదే జిప్పులో దాచి, పైన తొక్కు డబ్బా పెట్టాను. మర్నాడు నిన్ను బస్సెక్కించాను. చెయ్యి ఊపాను.

స్నిగ్ధకు అప్పుడే సీటొచ్చింది. ఇంకొక్క ఏడు, ఇంకొక్క ఏడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి ఊపిరికి ధర కట్టడానికి మీరెవరని గ్రానైట్ యజమానుల గేటు ముందు గొంతు చించుకున్నదాన్ని. నీ ఊపిరికి ధర కట్టింది వాళ్ళెవరూ కాదు. ఆ సాయంత్రం మన వంటింట్లో నేనే కట్టాను. ముక్కూమొహం తెలియని అంతయ్యను మిర్చిబండి దగ్గర కాపాడిన నోరు, నీ దగ్గర పదకొండు నెలలు మూతపడింది. ఎంట పడి తీయించాల్సిన ఆడమనిషిని నేను కాదా?

నీ మీద కూడా కోపం ఉంది. దాచింది మొదట నువ్వు. ఆ గొడవ మనం ఎదురెదురుగా కూర్చుని చేసుకుందాం. ఇక్కడ నా వంతే రాస్తున్నాను.

మానేరు ఇసుక ట్రాక్టర్‌కు ఎంత పడుతుందని అడిగావు. కనుక్కోలేదు. కనుక్కోను. పొడి ఇసుకతో కొట్టడం చాలా దేశాలు ఎన్నడో మాన్పించాయి. నువ్వు కష్టపడి తిరిగొచ్చి, అదే దుమ్మును సొంత షెడ్డులో, సొంత డబ్బుతో కొనుక్కుని పీల్చడానికి నేను మిషన్ వెతికిపెట్టాలా? మూడు వారాలు వెతికాను చూడు, నా తెలివికి దండం పెట్టాలి.

బయానా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో అంతయ్యకు మొత్తం చెప్పాను. నీకంటే ముందు ఆయనకు చెప్పినందుకు ఏమీ అనుకోకు. అక్కడ చెప్పగలిగాను కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను. ఆయన ఎక్సరేను తిరిగి కవరులో పెడుతూ, "మీ ఆయిన్ను రానియ్యుండ్రి. మిషన్ ఎటు వోదు. కొన్నా కొనకున్నా మంచిదే, నన్నైతే ఒక్కసారి సూసి పొమ్మనుండ్రి" అన్నాడు.

స్నిగ్ధ చదువు ఆగదు. బీడీ కార్మికుల సంఘంలో నా జీతం చిన్నదే, కానీ నాకు రెండు చేతులున్నాయి. ఇంకెన్ని లెక్కలు చెప్పినా వినను. ఎగ్జిట్ పెట్టి రా. ముందు దవాఖానకు, తర్వాత హుస్నాబాద్‌కు పోదాం. షెడ్డు పెడదామా, రంగులేసే పని ఒక్కటే చేద్దామా అని నువ్వు నాతో ఎంతైనా వాదించు, ఓడిపోతాను. నాజిల్ మాత్రం నీ చేతికి రాదు. దాన్ని తిరిగి పంపడం లేదు. గూట్లో, నా కరపత్రాల కట్ట మీద బరువుగా పెట్టాను.

జిరాక్స్ ఈ కవరులోనే ఉంది. పరశురాములు ముందు విప్పకు.

ఇంకొక్కటి. ఫోన్‌లో నీకు దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడల్లా మైకు మూసేస్తావు. నేను సిగ్నల్ పోయిందనుకున్నట్టు "హలో, హలో" అంటాను. పదకొండు నెలలుగా ఇద్దరం ఇదే నాటకం ఆడుతున్నాం. ఈ ఉత్తరం చదివాక ఫోన్ చెయ్యి. దగ్గు వస్తే దగ్గు. మైకు మూయకు. నేను హలో అనను. ఊరికే వింటూ కూర్చుంటాను.

ఇట్లు,
ఊరందరికీ చెప్పి, ఇంట్లో చెప్పని
నీ భార్య
పద్మలత