పాత కొలతకి కుట్టిన కోటు

చిరంజీవి మా అమ్మాయిని మీ నాన్న దీవించి రాసేది ఏమంటే,

ఇక్కడ నీ పిల్లలిద్దరూ, నేనూ, కుట్టు మిషనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను. మొదట ఈ ముక్క రాయాలి కనక రాశాను. కిందికి చదువుకుంటూ పోతే ఎవరెంత బాగున్నారో నీకే తెలుస్తుంది.

ఎప్పుడూ ఫోను చేసే నాన్న ఉత్తరం పట్టుకున్నాడేమిటని నవ్వకు. నాకొచ్చిన అక్షరాలు ఛాతీ, నడుము, భుజం, చెయ్యి రాసుకోవడానికి సరిపోయేవి. వాటితోనే లాక్కొస్తున్నాను. కాగితం కూడా నేను గుడ్డ కత్తిరించే ముందు గీతలు గీసుకునే కాగితమే. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నువ్వు పెద్దదానికి రాసిన ఉత్తరం అడుగున నాకు మూడు ప్రశ్నలు వేశావు. చిన్నోడు పాలు తాగుతున్నాడా అన్నావు. సగం గ్లాసు వాడు తాగుతాడు, సగం వాడి చొక్కా తాగుతుంది. నా కంటి ఆపరేషను సంగతి అడిగావు. సూదిలో దారం ఎక్కుతున్నన్నాళ్ళూ నా కళ్ళ జోలికి ఎవరూ రానక్కర్లేదు. నువ్వు నర్సువైంది మొన్న, నేను దర్జీనై యాభై ఏళ్ళు.

ఇక మూడోది. నీకు పట్టా ఇచ్చిన రోజు మా బస్సు ఎక్కడ చెడిపోయింది, పిల్లలు ఎంతసేపు ఎండలో నిలబడ్డారు అని అడిగావు. ఆగు, దానికే వస్తున్నాను. నాలుగు రోజులుగా అక్కడికే వచ్చి ఆగిపోతున్నాను.

ఆ రోజు తెల్లారకముందే నీ కూతురు లేచి కూర్చుంది. నేను కుట్టిన పసుపు గౌను రాత్రే వేసుకుని పడుకుంది, నలిగిపోతుందే అంటే వినలేదు. బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే వల్లింపు. "అమ్మా, నువ్వు పాసయ్యావు, మేము వచ్చాం." ఇరవైసార్లన్నా అని ఉంటుంది. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి, "నాకూ నోటికొచ్చేసింది పాపా, నేను కూడా వచ్చి చెప్పనా మీ అమ్మకి?" అంది. "వద్దు, మీ అమ్మకి మీరు చెప్పుకోండి" అంది ఇది. బస్సంతా నవ్వింది.

చిన్నోడు మొదటి గంటలోనే నా పంచె మీద కక్కాడు. తర్వాత ఉచ్చ అన్నాడు. డ్రైవరు బస్సు ఆపితే రావట్లేదన్నాడు. ఎక్కగానే మళ్ళీ ఉచ్చ అన్నాడు. "తాతా, మీవాణ్ణి ముందే అడిగి ఎక్కించాల్సింది" అన్నాడు కండక్టరు. "నీ బస్సు కన్నా వాడే నయం, వాడు చెప్పి ఆపుతాడు" అన్నాను. చిన్నోడు నా ఒళ్ళోకి ఎక్కి, "పట్టా ఇచ్చేటప్పుడు అమ్మ వేసుకునే నల్ల గౌను నువ్వే కుట్టావా తాతయ్యా?" అన్నాడు. నువ్వు పంపిన పిలుపు కార్డు మీది ఫొటోలో చూశాను ఆ గౌను. అలాంటిది కుడితే నా చేతులు నేనే విరగ్గొట్టుకుంటానని చెప్పాను.

నీకని ఒకటి కుట్టాను. ఆసుపత్రిలో వేసుకోవడానికి తెల్ల కోటు. చెబితే ఊరుకోవని చెప్పలేదు. మనిషిని నిలబెట్టి టేపు పెట్టకుండా నేను గుడ్డ కోసింది లేదు, నీకు తెలుసు. నీ కోటు మాత్రం కొలతల పుస్తకం తీసి, నువ్వు చదువుకి వెళ్ళిన నాటి పేజీ చూసి కుట్టాను. నా కూతురి కొలత నాకు తెలియదా అనుకున్నాను.

అమ్మాయీ, బస్సు చెడిపోలేదు. సభకి ఇంకా అరగంట ఉందనగా మేము మీ కాలేజీ గేటు దాకా వచ్చాం.

చిన్నోడు నా భుజం మీద నిద్రపోయాడు. వాచ్‌మన్ కార్డు చూసి, "లోపలికెళ్ళండి పెద్దాయనా, ముందు వరసలో కూర్చోండి" అన్నాడు. అప్పుడే మీరంతా వరసగా బయటికి వచ్చారు. మూడో మనిషివి నువ్వు. నీ భుజాలు చూశాను. రెండు వేళ్ళ మేర తగ్గాయి. మూడేళ్ళలో నా పిల్ల ఇంత అరిగిపోయిందా, నేను తెచ్చిన కోటు దీని మీద గోనెసంచిలా వేలాడుతుందే అని సిగ్గేసింది. ఆ సిగ్గుతో వెనక్కి తిరిగానని రాసేద్దాం అనుకున్నాను. ఆ ముక్కతో ఒక కాగితం నింపాను కూడా. చింపేశాను.

నిజం వేరే ఉంది. పట్టా పుచ్చుకున్న రోజే పిల్లల్ని నా దగ్గర ఉంచేసుకుంటాను నాన్నా, క్వార్టర్సు ఇచ్చారు, బట్టలన్నీ సర్ది తీసుకురా అన్నావు. నేను సరే అన్నాను. సంచిలో ఒక్కో జతే పెట్టాను. పెట్టేటప్పుడు నాకే తెలియదు ఎందుకలా పెడుతున్నానో. గేటు దగ్గర తెలిసింది.

నువ్వు వరసలోంచి పక్కకి జరిగి, మునివేళ్ళ మీద లేచి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు వైపే చూశావు. మా కోసమే చూశావు. నేను పిల్లల్ని లాక్కుని పక్కనున్న వ్యాను వెనక్కి పోయాను. పెద్దది నిన్ను చూసేసింది. "అమ్మా" అని నోరు తెరిచింది. నేను దాని నోరు నొక్కేశాను తల్లీ. మిషను చక్రం తిప్పే ఈ చేత్తోనే. అది అరవలేదు, గింజుకోలేదు. నా అరచెయ్యి మాత్రం తడిసిపోయింది.

మీ ఆయన పోయినప్పుడు నువ్వు ఏడుస్తుంటే, ఏడ్చి ఏం సాధిస్తావు, చదువుకో, పిల్లల్ని నేను చూస్తాను అని పంపిందీ నేనే. తీరా ఇచ్చెయ్యాల్సిన రోజు దొంగలా నక్కిందీ నేనే. ఇంట్లో ఆ ఇద్దరి కాళ్ళ చప్పుడు లేకుండా మిషను తొక్కలేననిపించింది. ఇంతకన్నా నాకు చెప్పుకోవడం రాదు.

వచ్చిన దారినే బస్సెక్కాం. సగం దారిలో పెద్దది మొదటిసారి మాట్లాడింది. "మేము అమ్మ దగ్గరికెళ్తే నువ్వేడుస్తావా తాతయ్యా?" అంది. నోర్మూసుకుని పడుకో అన్నాను. ఇంటికొచ్చి అది పక్కన నిలబడి చూస్తుండగానే నీకు ఫోను చేసి, బస్సు చెడిపోయిందమ్మా అన్నాను. నువ్వు, "పోనీలే నాన్నా, మీరు క్షేమం, అంతే చాలు" అన్నావు.

ఆ రోజు నుంచీ అది నాతో అవసరానికే మాట్లాడుతోంది. పైన కళ్ళ గురించి గొప్పలు పోయాను, అదీ అబద్ధమే. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించేది అదే. ఇప్పుడూ ఎక్కిస్తుంది. ఇదివరకు నా చేతికిచ్చేది, ఇప్పుడు మిషను మీద పెట్టి వెళ్ళిపోతుంది.

నాలుగు రోజుల కిందట అది నీకు రాసిన ఉత్తరం పెట్టె మీద ఆరబెట్టింది. కూడబలుక్కుని చదివాను. "అమ్మా, బస్సు చెడిపోయింది, అందుకే రాలేదు. తాతయ్యని తిట్టకు" అని రాసింది. ఏడేళ్ళ పిల్ల. నా అబద్ధాన్ని తన గుండ్రటి అక్షరాల్లో రాసింది. ఆ కాగితం నీకు పంపలేదు, నా దగ్గరే ఉంది. దాన్నేమీ అనకు. నన్ను ఎన్నైనా అను, ఫోనులో కాదు, ఎదురుగా నిలబెట్టి అను.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాం. బట్టలన్నీ సర్దేశాను. చిన్నోడి చిరుగు దుప్పటి కూడా, అది లేకపోతే వాడు పడుకోడు. కొలతల పుస్తకంలో వాళ్ళిద్దరి పేజీలూ కత్తిరించి పైన పెట్టాను. ప్రతి ఆర్నెల్లకీ ఎంత పెరిగారో అందులో ఉంది, నువ్వు చూడని మూడేళ్ళూ ఉన్నాయి. నీ కోటు కుట్లన్నీ విప్పేశాను. టేపు తెస్తున్నాను. ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే చాలు, కొలత తీసుకుని సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను.

నువ్వు ఆ గేటు దగ్గరే ఉండు. పెద్దది నిన్ను దూరం నుంచే పిలుస్తుంది. భయం లేదు, ఈసారి నా రెండు చేతుల్లోనూ సంచులుంటాయి.

ఇట్లు,
నిన్ను చూసి కూడా దాక్కున్న
మీ నాన్న