తలుపుకు వేలాడే ఆకుపచ్చ అట్ట

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, ఆయనా కులాసాగానే ఉన్నాం. చేతి కట్టు విప్పేశారని, జడ నువ్వే అల్లుకుంటున్నావని చెల్లి రాసిన ముక్క చదివి ఆయన, "ఇక అత్తయ్యను పట్టలేం" అని నవ్వారు. కుళాయి బాగు చేయించావా అని అడిగావు. చేయించాం. ఇప్పుడు పక్కింటివాళ్ళది కారుతోంది.

హోటల్ లాండ్రీలో మళ్ళీ ఎప్పుడు చేరమంటారని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నేను మాట దాటేస్తూ వచ్చాను. ఈసారి చెప్పాలి.

చెయ్యి విరిగి నువ్వు చెల్లి దగ్గరికి వెళ్ళాక, మన హోటల్లో పర్యావరణం పేరుతో కొత్త పద్ధతి పెట్టారు. గదికో ఆకుపచ్చ అట్ట ఇచ్చారు. అతిథి దాన్ని తలుపుకు తగిలిస్తే ఆ రోజు దుప్పట్లు, తువ్వాళ్ళు మార్చక్కర్లేదు, నీళ్ళు మిగులుతాయి. ఏ అంతస్తులో ఎక్కువ అట్టలు వేలాడితే అక్కడి సిబ్బందికి జీతం పెంచేటప్పుడు అన్ని మార్కులు. అతిథులేమో వాటి వంక చూడరు. గదులు సర్ది సర్ది నడుములు పడిపోతున్న మా ఆడపిల్లలు, "అక్కా, మనమే తగిలించేస్తే పోలా?" అన్నారు. సూపర్‌వైజర్ని కదా, కోప్పడాలి. మొదటి అట్ట నేనే తగిలించాను. కొద్దిరోజుల్లోనే అన్ని అంతస్తులవాళ్ళూ అదే పని మొదలుపెట్టారు.

ఉతకడానికి బట్టల్లేక లాండ్రీ సగం మూసేశారు. నీ మెషిన్ ఆపేసిన రోజు మమ్మల్నందర్నీ కిందికి పిలిచి, ఇది మన విజయం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీ ఉద్యోగం పోయిందమ్మా. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. పైకి వెళ్ళి మిగతా గదులు చూసుకున్నాను.

నిన్న మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నన్ను తీసేసినా సరే, మా అమ్మను తీసుకోండి అన్నాను. ఆయన పెన్ను తిప్పుతూ అడిగారు.

"దుప్పటి మార్చలేదేమని ఎవరైనా అడిగారా?"

"లేదండీ."

"ఒక్కరు కూడా?"

"లేదండీ."

"మరింకేంటమ్మా! వెళ్ళి పని చూసుకో."

ఇన్నేళ్ళూ నువ్వు ఎవరూ అడక్కుండానే మరక పోయేదాకా రుద్దావు. ఆ మాట ఆయనతో అనాలని తలుపు దాకా వచ్చాక తోచింది. అనలేదు.

పని లేకపోయినా ఇక్కడికే వచ్చెయ్యి. ఎంత కోపమొస్తే అంత, నా ఎదురుగానే తిట్టు. నీ తిట్లు వింటేనైనా నాకు ఏడుపొస్తుందేమో.

ఇట్లు,
నీ పెద్దపిల్ల