పార్వతి చెప్పిన అబద్ధం

1968 నవంబరు, ఆదివారం రాత్రి

అన్నం సహించలేదు.

కార్తీక వనభోజనాలకని అక్కా బావా, మా ఆవిడ పార్వతీ నేనూ పొద్దున్నే బస్సెక్కి పాతపట్నం అవతలి అడవికి వెళ్లాం. అక్క ఉసిరిచెట్టు కింద పొయ్యి వెలిగిస్తుంటే, ఆమె రెండేళ్ల కూతురు బుజ్జికి నీళ్లు చూపిద్దామని నేనూ పార్వతీ గెడ్డ వైపు దిగాం.

పొదలోంచి ఎలుగుబంటి వచ్చింది. నేను అరుచుకుంటూ పరుగెత్తాను. పార్వతి చెయ్యి పట్టుకోవాలని గానీ, పిల్లని ఎత్తుకోవాలని గానీ తోచలేదు. రాళ్ల మీదికెక్కి వెనక్కి చూస్తే, పార్వతి బుజ్జిని గుండెకి హత్తుకుని కదలకుండా నిలబడి ఉంది. ఎలుగు కాసేపు గాలి వాసన చూసి, గెడ్డ దాటి పోయింది.

అప్పుడు దిగాను. నా అరుపు విని బావ పరుగెత్తుకొచ్చాడు.

"ఏటైందిరా?"

నేను నోరు తెరవకముందే పార్వతి అంది. "ఎలుగొచ్చినాది అన్నయ్యా. ఈయనే కేకలేసి తరిమేసినారు."

"ఒరే, మగాడివిరా!" అని బావ వీపు తట్టాడు. నేను కాదనలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే ఆ కథ నేనే చెప్పాను. కర్ర పట్టుకుని ఎదురెళ్లానని కూడా కలిపాను. అమ్మ నాకు దిష్టి తీసింది. పార్వతి గుమ్మంలో నిలబడి అంతా వింది.

ఇప్పుడు అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తోంది. ఇందాక "పార్వతీ" అని పిలిచాను.

"దీపం తగ్గించండి, కళ్లల్లో పడతన్నాది" అంది. అంతే.