కడుపు నొప్పి అని రాసిన కాగితం

కేంబ్రిడ్జ్, ఒంటారియో
మంగళవారం

ప్రియమైన బుజ్జికి,

నీ అక్క కరుణ ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నేను బాగున్నాను. ఈ మాట మొదటే రాయకపోతే అది ఎక్కడుందా అని ఉత్తరమంతా గబగబా వెతుకుతావు, అందుకని ముందే రాసేశాను. ఒంట్లో బాగుంది, వేళకు తింటున్నాను, నిద్ర పడుతోంది. నువ్వెలా ఉన్నావు? హాస్టల్లో అన్నం ఇంకా అలాగే ముద్దగా పెడుతున్నారా? వార్డు డ్యూటీలు మొదలయ్యాయన్నావు. నిలబడి నిలబడి కాళ్లు వాస్తే పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకో. నర్సమ్మకే వైద్యం చెబుతున్నానని నవ్వకు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?

రోజూ వీడియోలో చూసుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్లో చేతులతో చెబుతుంటే మధ్యలో నీ ముఖం మారుతుంది. అది చూసి నేను మాట మార్చేస్తాను. పైగా సెలవులకు ఇంటికి వెళితే నీ ఫోన్ పెదనాన్న చేతికి వెళ్తుంది. నా రూమ్మేట్ మౌనిక వాళ్ల అన్నయ్య హైదరాబాద్ వస్తున్నాడు, అక్కడి నుంచి నీ హాస్టల్‌కు కొరియర్ చేస్తాడు. చదివాక చింపేయి. దాచుకోవాలనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. అయినా చింపేయి.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. ఇంటి ముందు మంచు తోయడానికి ముగ్గురం వంతులేసుకున్నాం, నా వంతు వచ్చిన రోజే ఎక్కువ పడుతుంది. నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటాను కాబట్టి చలి గురించి బెంగపడకు. గోంగూర గడ్డకట్టిన ప్యాకెట్లలో దొరుకుతుంది. నార పీచులా ఉంటుంది కానీ పులుపు పులుపే. మౌనికది కరీంనగర్. నాకు ఏది చెప్పాలన్నా ఫోన్లో టైప్ చేసి చూపిస్తుంది, ఆ యాసలోనే. "ఏందక్కా గట్ల కూసున్నవ్? తిన్నవా లేదా?" అని. అందరూ చెవులతో నేర్చుకునే యాసను నేను కళ్లతో నేర్చుకున్నాను. మొన్న నేనే "తిన్న, నువ్వు పో" అని టైప్ చేస్తే పడీ పడీ నవ్వింది.

పని ఆ వేర్‌హౌస్‌లోనే. డబ్బాలకు లేబుళ్లు అంటించి బెల్టు మీదకు ఎక్కిస్తాను. మెషీన్ల మోత ఎక్కువట, అందరూ చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాలి. నాకెందుకని రాసి చూపిస్తే సూపర్‌వైజర్ చాలాసేపు ఆలోచించి, రూల్ రూలే అని రాశాడు. కాబట్టి నేనూ రోజూ పెట్టుకుంటున్నాను, ఉన్న చెవుడు పోకుండా! ఫోర్క్‌లిఫ్ట్ వెనక నుంచి వస్తే నాకు తెలియదని మాత్రం నారింజ రంగు జాకెట్ ఇచ్చారు, మిగతా అందరిదీ పసుపు. ఆ రంగు చూడగానే డ్రైవర్లు ఆగిపోతారు. నువ్వు భయపడాల్సిందేమీ లేదు.

ఆదివారాలు ఒక ఆంటీ గారింట్లో తెలుగు ప్రార్థన కూటం జరుగుతుంది. ఆంటీది మన బాపట్ల వైపే. పోయిన వారం వచ్చిన పాస్టర్ గారు నా చెవుల మీద చేతులుంచి స్వస్థత కోసం ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం తెరిచే ఉంచాను. నేను కళ్లు మూసుకుంటే ఇక నాతో ఎవరు మాట్లాడతారు, దేవుడైనా సరే? కానీ ఆంటీ మంచిది, డబ్బా నిండా పులిహోర కట్టి ఇచ్చింది. ఒంటరితనం ఉంది బుజ్జీ, లేదని రాయను. పది మందిలో కూర్చుని వాళ్ల నవ్వులు చూస్తూ ఎందుకు నవ్వారో తెలియక నవ్వడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ నువ్వు పక్కనుండి మోచేత్తో పొడిచి చెప్పేదానివి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇక్కడే శరణు ఇవ్వమని నేను పెట్టుకున్న రెఫ్యూజీ క్లెయిమ్ మీద విచారణ, అదే హియరింగ్, అయింది. నీకు అయిందని మాత్రమే చెప్పాను, ఎలా అయిందో చెప్పలేదు.

ఈ ఇంట్లో మూడో అమ్మాయి ఒకతి ఉంది. "నీకేంటి, నీది స్ట్రాంగ్ కేసు, మాకు చెప్పుకోడానికి ఏ కేసూ లేదు" అని మెసేజ్ పెట్టింది. చెవులు వినపడకపోవడం అదృష్టం అన్న మనిషిని మొదటిసారి చూశాను. కోపం రాలేదు. కాలేజీ అయిపోయి, ఇక్కడ ఉండి పనిచేసే పర్మిట్ ఎలాగా అని తల పట్టుకున్న పిల్ల. కానీ సంగతి అది కాదని నా కేసు చూసే లాయరమ్మ మొదటి రోజే చెప్పింది. చెవిటిదాన్నని ఎవరూ శరణు ఇవ్వరట. చెవిటిదాన్ని కాబట్టి నన్ను ఏం చేయబోయారో, సాయం అడిగితే ఎవరు పట్టించుకోలేదో, అది నిరూపించాలట.

కాబట్టి మొదటి నుంచీ చెప్పాను. అమ్మానాన్న పోయాక పెదనాన్న మనల్ని పెంచడం. నాకు సంబంధం తేవడం. పెళ్లికొడుకు భార్య పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు, ఇంక పిల్లలు వద్దన్నాడు. "దీనికి పుట్టేవాళ్లూ దీనిలాగే మూగవాళ్లు పుడితే ఎవరు సాకుతారు? ముందే ఆపరేషన్ చేయించేద్దాం" అని పెదనాన్న వసారాలో కూర్చుని పెద్దమ్మతో అంటుంటే కిటికీలోంచి ఆయన పెదాలు చదివాను. నన్నెవరూ అడగలేదు. ఇంట్లోంచి పారిపోయి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. వాళ్లు నన్ను మళ్లీ ఇంటికే అప్పగించారు. తర్వాత ఊళ్లో అందరి పిల్లలూ కెనడా కాలేజీలకు ఎగబడుతుంటే నాకూ సీటొచ్చింది. పెళ్లయ్యాక తనూ రావచ్చని పెళ్లికొడుకు సరేనన్నాడు, సెలవులకు వచ్చినప్పుడు ఆపరేషనూ పెళ్లీ కలిపి కానిద్దామన్నారు. నేను సెలవులకు రాలేదు.

హియరింగ్ టొరంటోలో. ఒక చిన్న గది, తెల్ల జుట్టు మెంబర్ గారు. ఆయనే మన జడ్జి అనుకో. ఆయన ఇంగ్లీషును ఒకావిడ ఇక్కడి సైగల్లోకి మారుస్తుంది. వాటిని డోరీన్ ఆంటీ అని ఇంకో పెద్దావిడ, ఆవిడా నాలాగే వినపడని మనిషి, నా చేతుల భాషలోకి మారుస్తుంది. నేను ఇక్కడి సైగలు నేర్చుకున్నాను కానీ భయం వేస్తే మన ఇంటి సైగలే వస్తాయి. అందుకని డోరీన్ ఆంటీ ముందే రెండు రోజులు నాతో కూర్చుని మన సైగలన్నీ నేర్చుకుంది. పెదనాన్నకు మీసం మెలేయడం, పెద్దమ్మకు కొంగు దోపడం. నీకు గడ్డం మీద పుట్టుమచ్చ ముట్టుకోవడం. అన్నీ వెంటనే పట్టేసింది. మెంబర్ గారు మాట్లాడేటప్పుడు వాళ్ల వంక కాదు, నా వంక చూశారు బుజ్జీ. మనిద్దరం ఎక్కడికి వెళ్లినా అందరూ నీ వంక చూసే కదా మాట్లాడేవారు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఆ రోజు స్టేషన్‌లో రాసిన కాగితాన్ని నేను ఫోటో తీసుకుని దాచాను, నీకు చెప్పలేదు. దాన్ని ఇక్కడ కేసులో పెట్టాను. పోలీసు ముద్ర ఉన్న కాగితం కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది అనుకున్నాను. అందులో ఇలా ఉంది: "కడుపు నొప్పికి చేయవలసిన ఆపరేషన్‌కు భయపడి ఇల్లు విడిచిన మూగ యువతిని పెదనాన్నకు అప్పగించడమైనది." దానికి నేను నా క్లెయిమ్ ఫారంలో, పోలీసులకు నా సైగలు అర్థం కాలేదు, తప్పు రాసుకున్నారు అని రాశాను.

మెంబర్ గారు కాగితం చివరి వాక్యం దగ్గర వేలు పెట్టారు. "సదరు యువతిని, సైగలు తెలిసిన చెల్లెలి ద్వారా విచారించడమైనది."

"సైగలు అర్థం కాలేదని మీరు రాశారు. సైగలు తెలిసిన మీ చెల్లెలు అక్కడే ఉందని ఇందులో ఉంది. ఏది నిజం?" అని అడిగారు. కోప్పడుతూ కాదు, మామూలుగానే.

నేను మంచినీళ్లు అడిగాను. తాగాను. మళ్లీ అడిగాను. డోరీన్ ఆంటీ నా చేతుల వంకే చూస్తోంది. ఆ కాస్సేపట్లో ఎన్ని అబద్ధాలు ఆలోచించానో. చివరికి నా గడ్డం ముట్టుకున్నాను.

బుజ్జీ, ఇన్నేళ్లూ నీకు చెప్పని మాట ఇది. ఆ రోజు నేను నీ పెదాలు చదివాను. నేను కడుపు మీద కోత గీసి, చేతుల్లో బిడ్డను ఊపి, ఆ బిడ్డను తీసి పారేసినట్టు చూపించి, వద్దు వద్దని రెండు అరచేతులూ అడ్డం పెట్టాను. ఎస్సై గారు నీ వంక చూసి "ఏమంటోందమ్మా?" అన్నాడు. కబురందుకుని నిన్ను వెంటబెట్టుకొచ్చిన పెదనాన్న నీ వెనకే ఉన్నాడు. నువ్వు ఒకసారి తల తిప్పి ఆయన్ను చూశావు. తర్వాత నీ పెదవులు "కడుపు"కి ఒకసారి, "నొప్పి"కి ఒకసారి కలిశాయి. నా వైపు తిరిగి, అంతా చెప్పేశాను అని సైగ చేశావు. నేను తల ఊపాను. నాకు తెలిసీ ఊపాను.

ఇది మెంబర్ గారికి చెప్పాను. "చెల్లెలు ఎందుకలా చెప్పింది?" అని అడిగారు. అప్పుడు తనకు పదహారేళ్లు, తిరిగి ఆ ఇంట్లోనే అన్నం తినాలి అని చెప్పాను. మరి ఫారంలో మీరెందుకు మార్చి రాశారు అన్నారు. చెల్లెలికి చెడ్డ పేరు వస్తుందని అన్నాను. చెప్పి ఏడ్చాను. సగం చెప్పడం నీ ఒక్కదాని అలవాటు కాదు, నాదీ అని అక్కడే తెలిసింది. నీ మీద నాకు కోపం లేదు. అప్పుడు కొన్నాళ్లు ఉండేది, ఆ మాటా దాచను. రాత్రుళ్లు నీ వైపు వీపు పెట్టి పడుకునేదాన్ని, గుర్తుందా? ఉక్కపోత అనేదాన్ని. ఉక్కపోత కాదు.

బయటికి వచ్చాక లాయరమ్మ చెప్పింది. ఆయన నమ్మినట్టే ఉన్నాడు కానీ ఒకసారి మార్చి రాసిన మనిషి మాట మీద మాత్రమే తీర్పు ఇవ్వడం కష్టమట. చెల్లెలు తన చేత్తో, ఆ రోజు అక్క ఏం సైగ చేసిందో, తను ఏం చెప్పిందో రాసి సంతకం పెట్టి పంపితే కేసు నిలబడుతుందట. నెల రోజులు గడువు ఇచ్చారు. కాదంటే అప్పీలుందంటున్నారు, అదీ కాదంటే తిరిగి రావాలి. పెదనాన్న మొన్న కూడా మెసేజ్ పెట్టాడు: "ఆపరేషన్ చిన్నదే, ఒక్క రోజులో ఇంటికి పంపేస్తారు. పెళ్లికొడుకు ఇంకా ఎదురుచూస్తున్నాడు." పెదనాన్న మనసులో నాకు మేలే చేస్తున్నాడు, అదే నా భయం.

నువ్వు రాసేది ఇక్కడి ఆఫీసు దాటి పోదని, పెదనాన్నకు చేరదని లాయరమ్మ చెప్పింది. అయినా నీకు భయం వేస్తుంది. నీ చదువు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కాబట్టి రాయి అని నేను ఆజ్ఞ వేయను. నువ్వు రాయలేకపోతే, రాయలేకపోయింది అని లాయరమ్మకు చెప్పి, మర్నాడు వీడియోలో నీ వార్డు కబుర్లు అడుగుతాను. నా చెల్లెలివి కాకుండా పోవు.

పెద్దమ్మకు నా వందనాలు. ఎవరి ద్వారానైనా పండుమిరప పచ్చడి పంపే వీలుంటే కొంచెం పంపు, వీలు కాకపోతే వద్దు. నీ హాస్టల్ స్నేహితులకు నా దీవెనలు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకో, నేనూ తలుచుకుంటాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. రాస్తే అంతా రాయి. ఆపరేషన్ ఎందుకో, వెనక ఎవరు నిలబడ్డారో, నువ్వు ఏమన్నావో. నన్ను కాపాడాలనో, నిన్ను కాపాడుకోవాలనో సగం మాత్రం రాయకు. సగానికి ఒకసారి తల ఊపాను బుజ్జీ, ఇంకోసారి ఊపలేను.

ఇట్లు,
నీ మీద బెంగతో, ప్రేమతో,
నీ అక్క
కరుణ