గుడి లేని ఎత్తు మీద పరీక్ష పెట్టమని

ఒట్టావా, క్వాజులు-నాటల్
12 నవంబరు 1997

వాహన చోదకుల పరీక్షా కేంద్రం అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

(లేక అమ్మా. తమ తలుపు మీద పాత పేరు తీసివేసినారు, కొత్త పేరు ఇంకా వేయలేదు. కుర్చీలో ఎవరున్నా నా నమస్కారములు.)

విషయం: నా చెల్లెలు రీటాకు గేర్ల బండి మీద జరుపు డ్రైవింగు పరీక్షను వేరే దారిలో, ఈ సంవత్సరం ముగియక ముందే జరిపించవలెనని ప్రార్థన.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను జయమ్మ అనుదానను. ఇంటికి పెద్ద కూతురిని. తెలుగులో వ్రాయుచున్నందుకు మన్నించవలెను. నాకు ఇంగ్లీషు మాట్లాడేందుకు చాలును, అర్జీకి చాలదు. మా నాయన తెలుగు బడిలో పాఠం చెప్పేవారు, అర్జీ పద్ధతి ఆయనే నేర్పినారు. ఈ దేశపు కొత్త రాజ్యాంగంలో ఆదరించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు కూడా ఉన్నదని విని ధైర్యం చేసినాను. ఎదురింటి డాక్టరు గారి భార్య హైమావతి గారు ఇంగ్లీషు నకలు వ్రాసి జతపరచుచున్నారు. ఆమె అక్కడక్కడ నా మాటను మెత్తబరిచినారు. అసలు ఇదే.

1. రీటా భర్త దేవన్ బడిపిల్లలను కోంబీ వ్యానులో చేరవేసేవాడు. ఈస్టరు సెలవులలో గుండె ఆగి పోయినాడు. వ్యాను మిగిలినది. ఇద్దరు ఆడపిల్లలు మిగిలినారు. వ్యాను పర్మిటును రీటా పేరుకు మార్చుటకు డిసెంబరు ఆఖరు వరకు గడువిచ్చినారు. ఆ వ్యాను నడుపుటకు చెల్లే లైసెన్సు ఆమెకు ఉండవలెనని షరతు. లేనియెడల ఆ రూటు వేరొకరికి పోవును. ఇంట్లో వేరే ఆధారం లేదు. అందాక దేవన్ స్నేహితుడు రామయ్య గారు నడుపుచున్నారు. ఆయన మిల్లులో చెరకు లారీ తోలి రిటైరైనవారు. క్లచ్చి తొక్కే మోకాలు వాచి ఉన్నది.

2. రీటా అంతకు ముందు స్టీరింగు ముట్టినది కాదు. దేని మీద నేర్చుకోవాలి అని ఇంట్లో పెద్ద చర్చ జరిగినది. డ్రైవింగు నేర్పే జార్జ్ వచ్చి, "మొదట్లోనే గేర్ల బండి ఎక్కించండి ఆంటీ. అదొస్తే ట్రాక్టరైనా తోలేస్తారు" అన్నాడు. హైమావతి గారు తమ ఆటోమేటిక్ కారు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టినారు. "ముందు రోడ్డంటే భయం పోనివ్వండి జయమ్మగారూ. రెండు కాళ్ళకీ రెండు చేతులకీ ఒకేసారి పని చెప్తే ఈ పిల్ల ఏడుస్తుంది" అన్నారు. రీటా అప్పటికే ఏడుస్తున్నది.

ఆటోమేటిక్ మీదనే నేర్చుకొన్నది. మొదటిసారికే ప్యాసైనది. ఆ లైసెన్సు గేర్లు లేని బండికి మాత్రమే చెల్లునని కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు. పర్మిటు ఆఫీసు వారు చెప్పినారు. జార్జ్ మళ్ళీ వచ్చి, "నే చెప్పలేదా ఆంటీ" అన్నాడు. "చెప్పావులే. టీ తాగు" అన్నాను.

ఆటోమేటిక్ లేకపోతే ఆమె కారు ఎక్కేదే కాదు. గేర్ల బండి రాకపోతే ఆ లైసెన్సు ఆమెకు కూడు పెట్టదు. రెండూ నిజమే. కనుక, కొత్తగా నేర్చుకొనువారిని "రేపు మీరు నడపబోయేది ఏ బండి?" అని కౌంటరు దగ్గరే ముందు అడిగే ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. ఇది అందరి కోసం. మిగతాది నా చెల్లెలి కోసం.

3. గేర్ల బండి పరీక్షలో రీటా మూడు సార్లు తప్పినది. మూడు సార్లూ ఒకే చోట. తమ పరీక్షా మైదానం దాటి ఎడమకు తిరిగితే రోడ్డు ఎత్తు ఎక్కును. సగం ఎత్తులో అమ్మవారి గుడి. మేము చిన్నప్పటి నుండి గుడి ఎదురైతే కుడిచెయ్యి గుండెకు తాకించి కళ్ళకు అద్దుకొనువారము. ఎడమ చేత్తో దండం పెట్టరాదు. ఈ అలవాటు ఆమెకు నేర్పినది నేనే. నేర్పినందుకు విచారించుట లేదు.

ఆటోమేటిక్ బండిలో కుడిచెయ్యి లేచినా ఎడమచెయ్యి స్టీరింగు మీదనే ఉండెను. గేర్ల బండిలో సరిగ్గా ఆ చోటనే గేరు మార్చవలెను. ఎడమచెయ్యి గేరు మీదికి, కుడిచెయ్యి అమ్మవారి వైపు. స్టీరింగు మీద ఎవరూ లేరు. ఆమె కంగారుపడి క్లచ్చి వదులును. ఇంజను ఆగును. బండి వెనుకకు జారును. జారితే ఫెయిలని నియమం. నియమం న్యాయమైనదే.

మూడవసారి పరీక్షించిన అధికారి బండి దిగి, బయట బెంచీ మీద ఉన్న నా దగ్గరకు వచ్చినారు. జూలూ ఆయన, మర్యాదస్తుడు, నన్ను తమ భాషలో మామా, అనగా అమ్మా, అని పిలుచువారు.

"హాయిబో, మామా! మళ్ళీ అక్కడే. ఆ ఎత్తు మీద ఎవరికి చెయ్యి ఊపుతుంది ఈమె? అక్కడ ఎవరూ లేరు."

"ఉన్నారు" అన్నాను.

ఆయన కాగితం మీద గుర్తు పెట్టి వెళ్ళినారు.

4. చెయ్యి ఎత్తడం మానమని చెప్పవచ్చును గదా అని తమరు అడుగుదురు. జార్జ్ చెప్పినాడు. రీటా ప్రయత్నించినది. "మనసులోనే అనుకుంటన్నా అక్కా, సెయ్యి నాకన్నా ముందే లేసిపోతంది. నా మాట ఇంటే గదా!" అన్నది.

నేను మాత్రం చెప్పలేదు. అది దాచను. దేవన్ పోయిన నాటి నుండి ఆమె గుడి మెట్టు ఎక్కలేదు. ఇంట్లో దీపం పెట్టదు. నేను ప్రార్థన చేయుచుంటే లేచి వంటింట్లోకి పోవును. ఆమెకూ దేవుడికీ ఆ చెయ్యి ఒక్కటే మిగిలినది. దానిని కూడా ఆపమనుటకు నాకు నోరు రాలేదు. అందుకే ఆమెను అడగక తమరిని అడుగుచున్నాను.

5. తదుపరి పరీక్ష మార్చి నెలలో అని చీటీ ఇచ్చినారు. అప్పటికి రూటు పోవును.

కావున, మైదానం దాటి కుడికి తిరిగి, చెరకు తోటల వెంట పోవు రోడ్డులో పరీక్ష పెట్టించవలెను. దయచూపి చదును దారి ఇమ్మని అడుగుట లేదు. ఆ రోడ్డూ ఎక్కును. ఇంకా ఎక్కువే ఎక్కును. పిల్లల బడి దారి కూడా అదే, ఆ దారిలో గుడి లేదు. గుడి లేని ఏ ఎత్తయినా సరే. అక్కడ ఆమె జారితే మళ్ళీ తమ గడప తొక్కను. తేదీ మాత్రం డిసెంబరు లోపల ఇప్పించవలెను.

నేను రోజూ ప్రార్థించుచున్నాను. దేవుడికి చెప్పవలసినది చెప్పినాను. పరీక్ష తేదీ తమ చేతిలో ఉన్నది గనుక తమకు చెప్పుచున్నాను. ఈ నాలుగు మాటలు తీరికగా కాక, త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జయమ్మ

మనవి: సంతకం పెట్టిన తరువాత ఇది వ్రాయవలసి వచ్చినది. మోకాలు కదలనీయుట లేదని రామయ్య గారు ఇప్పుడే కబురు పంపినారు. బడి వదిలే వేళ. రీటా వ్యాను తాళాలు తీసుకొన్నది.

"ఎక్కడికే?"

"పిల్లలు గేటు కాడ నిలబడుంటారక్కా."

"నీకు లైసెన్సు లేదే."

"సగం ఉంది గదా" అని వెళ్ళిపోయినది.

నేను అడ్డం నిలబడలేదు. ఇది నేరమని ఎరుగుదును. తమకు అర్జీ పెట్టుకొని తమ దగ్గరే దాచడం నాకు చేతకాదు. హైమావతి గారు ఈ ముక్క కూడా ఇంగ్లీషులోకి దించుతున్నారు, వద్దు వద్దంటూనే. ఇద్దరం ఈ కాగితం పట్టుకుని ఆమె కారులో మీ ఆఫీసుకే వస్తున్నాం.

అయ్యా, రీటాను వదిలేయమని అడగను. శిక్ష ఏదైతే అది వేయండి. పోలీసులకు ఫోను చేసేటట్లయితే ఒక్క మాట చెప్పండి. తెల్ల కోంబీ, వెనక అద్దం మీద పసుపు బొట్టు. ఎత్తు ఎక్కుతుండగా దాన్ని ఆపవద్దు. వెనక నుంచి సైరను వేయవద్దు. లోపల పిల్లలుంటారు. చెరకు తోటలు దాటి చదును వచ్చాక, బస్సు స్టాపు దగ్గర ఆపమనండి. అక్కడ ఆపడం ఆమెకు బాగా వచ్చు.